జేబెజ్ ప్రమాణం

గ్రాస్ వ్యాలీ, కాలిఫోర్నియా
మే 1888

ఇంగ్లండులో, మన కార్న్‌వాల్‌లో ఉన్న చెల్లెలు లవ్‌డేకి, ఇక్కడ అందరం క్షేమం. చెబుతున్నది నేను, రాస్తున్నది పక్కింటి అమ్మాయి.

మా అబ్బాయి జేబెజ్ రాణిగారిని కాదనుకుని అమెరికావాడయ్యాడని, నువ్వు మీ గోడ మీది వాడి ఫోటో తీసేశావట. తొందరపడ్డావు. మన రాణిగారిని వదులుకుంటున్నానని కోర్టులో ప్రమాణం చేస్తేనే ఇక్కడ ఓటు ఇస్తారు. ఓటు లేని గనిపనివాడి గోడు వినే నాథుడు లేడు. వీడు నిలబడి "విక్టోరియా రాణిగారిని" అన్నాడు. ఆ పేరు వచ్చేసరికి అలవాటుగా "దేవుడు ఆమెను చల్లగా చూడాలి" అని కూడా అనేశాడు. కోర్టంతా నవ్వింది. జడ్జి మళ్ళీ చెప్పమంటే మళ్ళీ అదే మాట.

"ఏమయ్యా, ఆమెను వదులుకుంటున్నావా, దీవిస్తున్నావా?"

"వదులుకుంటున్నానండీ. అంతమాత్రాన ఆమె చెడు కోరమంటారా?"

జడ్జి కాగితం మీద సంతకం పెట్టేశాడు. ఇందులో ద్రోహం ఎక్కడుందో నువ్వే చెప్పు.

కుంకుమపువ్వు పంపించు, ఇక్కడిది వేస్తే రొట్టెకు రంగే పట్టదు. నీ దగ్గు తగ్గిందా? అమ్మ సమాధి మీద గడ్డి ఎవరు కోస్తున్నారు?

వాడి ఫోటో తిరిగి తగిలించు. మా ఇంట్లో వాడిదీ రాణిగారిదీ పక్కపక్కనే ఉన్నాయి. ఆమెకు లేని కోపం నీకెందుకు?

నీకూ పిల్లలకూ నా దీవెనలు.

అక్క థామజిన్