ఇప్పుడే రాలేను, సల్వా అక్కా

సల్వా అక్కా,

సైదాలో మీ ఇంటి వెనక గది నాకోసం సర్ది ఉంచానన్నావు. కోపం తెచ్చుకోకు, ఇప్పుడే రాలేను. బేరూత్‌లో ఇంటివాళ్ళు నాచేత ఇల్లు ఖాళీ చేయించాక చర్చి హాల్లోనూ, తెలిసినవాళ్ళ సోఫాల మీదా పడుకుంటూనే క్యాన్సర్ మందులు ఎక్కించుకున్నాను. అప్పటినుంచీ నాలుగు గోడల మధ్య పడుకుంటే చాలు, భయం గుండెల మీదెక్కి కూర్చుంటోంది. నడిస్తే దిగిపోతోంది. అందుకే లెబనాన్ కొండదారి పట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తున్నాను.

నిన్న దారిలో తన్నూరీన్ అనే ఊళ్ళో ఉమ్ జిర్యస్ అనే ముసలావిడ గుమ్మంలోంచి కేకేసింది.

"ఎవరింటి పిల్లవే నువ్వు?"

ఏడుపొచ్చేసింది. "నాకు ఇల్లు లేదు పెద్దమ్మా. ఒంట్లోనూ బాగాలేదు."

"కాళ్ళు బాగానే ఉన్నాయిగా! రా, తిను. రేపు ఎక్కాల్సిన కొండ ఖాళీ కడుపుకి లొంగేది కాదు," అంటూ లబ్నె, అదే గట్టి పెరుగు, రాసిన రొట్టె చేతిలో పెట్టింది.

రేపు! నాతో ఆ మాట ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో. తింటూ తింటూనే ఆ కొండ అవతల ఏముందని అడిగాను.

అక్కా, జబ్బు తిరగబెట్టిందేమో చూపించుకోమని నువ్వెంత పోరినా వినలేదు. ఇప్పుడు చూపించుకుంటాను. వచ్చే నెలలో డాక్టరుగారి దగ్గర ఒక రోజు ఖాయం చెయ్యి. ఆయన ఏం చెప్పినా సరే. మిగిలిన దారి ఎంత తొందరగా నడవాలో నాకు తెలియాలి.

నీ చెల్లెలు