విరిగీ విరగని ఎముక

ప్రియమైన అక్కయ్యకు,

తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ దాదాపు అందరం క్షేమం. అక్కడ మీరు పూర్తిగా క్షేమమని తలుస్తాను.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకో నీకు తెలుసు. ముఖ్యమైన సంగతి ఫోనులో చెబితే బావ ఊరుకోడు. "ఇంట్లోవాళ్ళే ఉత్తరాలు రాయకపోతే ఇక మా పోస్టాఫీసు మూసుకోవడమే" అని పేచీ పెడతాడు. పైగా ఫోనులో నా గొంతు కాస్త తేడాగా ఉంటే నువ్వు ఇట్టే పట్టేస్తావు.

వచ్చే నెల ఊరి పరుగుపందెం కదా. చిన్నాన్న కూతురి పెళ్ళి విందులో నలుగురి ముందూ బావతో నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. "నువ్వు సగం దారికి వచ్చేసరికి నేను పందెం ముగించి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, నిన్ను వెతుక్కుంటూ వెనక్కి నడిచొస్తాను బావా" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు. ఈ ఏడాదికి మా పందెం వద్దక్కా. వచ్చే ఏడాది చూసుకుందాం. కారణం అడక్కు, కొన్ని కారణాలు చెప్పుకోడానికి బాగుండవు. నువ్వే ఏదో ఒకటి చెప్పి బావని ఒప్పించు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: ఈ ఉత్తరం సంగతి బావకి తెలియనివ్వకు.

మరో తా.క.: సెలూన్లో రోజంతా నిలబడే పని కదా, ఎత్తు స్టూలొకటి కొందామనుకుంటున్నాను. ఊరికే. దీనికీ పై సంగతికీ సంబంధం లేదు.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నీ రహస్యపు ఉత్తరాన్ని మీ బావే సంచిలోంచి ఏరి, దాని మీద ముద్ర కొట్టి, సాయంత్రం కూరగాయలతో పాటు తెచ్చి నా చేతిలో పెట్టారు. పోస్టాఫీసు గుమాస్తాకి తెలియకూడని సంగతిని పోస్టులో పంపే తెలివి మన వంశంలో నీ ఒక్కడికే వచ్చింది. "ఏం రాశాడేం?" అని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చదివి వినిపించక తప్పలేదు.

కారణం చెప్పకపోతే నాకు అర్థం కాదనుకున్నావా? పెళ్ళిలో మీ బావ మేడ మెట్లెక్కి, గోడ పట్టుకుని రొప్పడం నువ్వు చూశావు. పెద్దవాడు, నలుగురిలో ఓడిపోతే చిన్నబుచ్చుకుంటాడని నీ మాట నువ్వే దిగమింగుకుంటున్నావు. క్యారమ్స్‌లో ఓడిపోతే బల్ల వంకరన్నావు. బ్యాడ్మింటన్‌లో ఓడిపోతే గాలి అన్నావు. చదరంగంలో ఓడిపోతే కళ్ళజోడన్నావు. అలాంటివాడివి, గెలిచే పందేన్ని చేతులారా వదులుకుంటున్నావు! ఎంత వెన్నలాంటి మనసురా నీది.

మీ బావకి మాత్రం రోషం వచ్చింది. "వాడు నా మీద జాలిపడ్డాడా?" అంటూ కంచం ముందు నుంచి లేచిపోయారు. మర్నాడు తెల్లారకుండానే ఆఫీసు బూట్లతో పరుగుకి బయల్దేరారు.

ఆశీస్సులతో,
అక్క

తా.క.: స్టూలు కొనకు. గాలితో పోటీపడేవాడికి స్టూలెందుకు?

*

అక్కయ్యకు,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. నాకు వెన్న మనసూ లేదు, నెయ్యి మనసూ లేదు. బావ మీద జాలిపడే పెద్దరికం నాకెక్కడిది? దయచేసి అలా అనుకోవద్దు.

అసలు సంగతి చెప్పాలంటే, కుడి పాదం కొంచెం... అంటే బూటు కొత్తది. కరుస్తోంది. అంతకంటే ఏమీ లేదు. కాస్త నిదానంగా నడుస్తున్నాను, అదీ ఎవరూ చూడనప్పుడు. ఎవరైనా చూస్తుంటే మామూలుగానే నడుస్తున్నాను. నీ మరదలు ఈ ఉత్తరం నా భుజం మీంచి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ అలా వెళ్తే నాకు భయం.

బావని ఆఫీసు బూట్లతో పరిగెత్తవద్దని చెప్పు. అసలు పరిగెత్తవద్దనే చెప్పు.

నీ తమ్ముడు

తా.క.: నిన్న ఒకాయనకి ఒంటికాలి మీద కొంగలా నిలబడి క్రాపు చేశాను. ఒక చెవి పక్క జుట్టు పైకి, ఇంకో చెవి పక్కది కిందికి వచ్చాయి. అద్దం చూసుకుని, "ఇది కొత్త ఫ్యాషనా?" అన్నాడు. అవునన్నాను. ఇవాళ వాళ్ళ తమ్ముడు కూడా అదే కావాలని వచ్చాడు.

*

చిరంజీవి తమ్ముడికి,

బూటు కరుస్తోందా! చూశావా, ఎప్పుడూ ఓడిపోయాక సాకు వెతికేవాడివి, ఈసారి పందేనికి ముందే వెతికావు. అదీ ఎవరి కోసం? బావ కోసం! నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇలాంటిది దాచుకోవడం పాపం కదా, అందుకే చిన్నాన్నకి చెప్పాను. ఆయన పెళ్ళివారికి చెప్పాడు. పందెం రోజున అందరూ వ్యాను మాట్లాడుకుని నిన్ను చూడ్డానికి వస్తున్నారు. నేను కుట్టు మిషను మీద మిగతా బట్టలన్నీ పక్కన పడేసి, నీ మెడలో వెయ్యడానికి పట్టుగుడ్డ కండువా కుడుతున్నాను. దాని మీద "త్యాగమూర్తి" అని ఎర్ర దారంతో అక్షరాలు. "త్యా" అయింది, "గ" మీద ఉన్నాను.

మీ బావ ఇప్పుడు రెండు పూటలా పరిగెడుతున్నారు. సాయంత్రం పూట భుజాన పార్సిళ్ళ సంచి కూడా. "దయతలచి ఇచ్చే గెలుపు నాకొద్దు. వాడు పందేనికి రాకపోతే వాడి గడప తొక్కను" అన్నారు. నువ్వు గీసిన గడ్డం తప్ప ఆయనకి నచ్చదు కదా, అందుకని గడ్డం పెంచుతున్నారు.

ఇంకేమైనా చెప్పాల్సింది ఉంటే రాయి. ఏమీ లేకపోతే "మూర్తి" కూడా కుట్టేస్తాను.

అక్క

తా.క.: గడ్డంతో మీ బావ తప్పిపోయిన మనిషి ఫోటోలా ఉన్నారు. నా కోసం కాకపోయినా దాని కోసమైనా తొందరగా రాయి.

*

అక్కా,

కుట్టడం ఆపు. ఈ ఉత్తరం బావ ముందే పైకి చదువు.

విందులో కోతలు కోసి ఇంటికొచ్చాక నాకు భయం పట్టుకుంది. బావ నిజంగానే నన్ను దాటేస్తే? అందుకని రోజూ పరిగెత్తే దూరాన్ని ఒక్కసారిగా మూడింతలు చేశాను. పాదం పైన, వేళ్ళకి కాస్త వెనక, ఒకే ఒక్క చోట నొప్పి మొదలైంది. మొదట్లో పరుగు చివర వచ్చేది, తర్వాత పరుగు మొదలెట్టగానే వచ్చేది. ఇప్పుడు కత్తెర పట్టుకుని నిలబడినా వస్తోంది.

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "రోజూ ఎంత పరిగెడతావు?" అంటే సగానికి సగం తగ్గించి చెప్పాను. "అంతమాత్రానికి ఇలా అవదే" అని ఆయన బుర్ర గోక్కున్నాడు. ఆ బుర్రకి నెలనెలా క్రాపు చేసేది నేనే, అయినా ఆయనకి కూడా నిజం చెప్పలేకపోయాను. ఆయన బొటనవేలితో సరిగ్గా ఆ చోటే నొక్కాడు. నేను పెట్టిన కేకకి బయట ఏడుస్తున్న పిల్ల ఏడుపు మానేసింది. అప్పుడు మొత్తం చెప్పేశాను.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. "ఎముకలో వెంట్రుకంత పగులు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కొత్తలో ఒక్కోసారి ఫోటోకి దొరకదు. కొన్ని వారాలాగి మళ్ళీ తీద్దాం. అంతవరకు పరుగు మాట ఎత్తకు. పగులుంటే, దాని మీద పరిగెత్తావంటే ఎముక పూర్తిగా విరగొచ్చు. అప్పుడు నెలల తరబడి సెలూను మూసుకోవాల్సిందే" అన్నాడు.

నా అసలు సిగ్గు ఇక్కడుందక్కా. ఫోటోలో ఏమీ లేదంటే మనిషన్నవాడు సంతోషించాలి. నాకు ఏడుపొచ్చింది. ఆయన అది ఆనందబాష్పాలనుకుని వీపు తట్టాడు. విరిగి ఉంటే నలుగురికీ చూపించడానికి కట్టైనా ఉండేది. ఇప్పుడు నొప్పి ఉంది, రుజువు లేదు. క్యారమ్స్ బల్ల వంకరన్న నోటితో కాలు పగిలిందేమో అంటే ఎవరు నమ్ముతారు? ఎముక విరిగితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నవాణ్ణి నేను. ఇదీ నా త్యాగం. నాలో ఉన్నది ఓడిపోతానన్న భయం, నవ్వుతారన్న సిగ్గు. అంతకుమించి వెతికినా ఏమీ దొరకదు.

బావకి నా క్షమాపణలు చెప్పు. పరుగు ఆపెయ్యమను. నేనే ఓడిపోయాను.

నీ తమ్ముడు

తా.క.: స్టూలు కొన్నాను.

*

ఒరేయ్ తమ్ముడూ,

ఈ ఉత్తరం కొరియరులో పంపుతున్నాను. పోస్టాఫీసు గుమాస్తా పెళ్ళానికి ఇంతకంటే తలవంపులు లేవు. ముసుగు వేసుకుని వెళ్ళాలి.

నీ కాలి సంగతి నాకు నీ మొదటి ఉత్తరానికి ముందే తెలుసు. నువ్వు డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజే మీ ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. "ఆయన నోటితో ఆయనే చెప్పాలి వదినా, మీరు ఎవరితోనూ అనకండి" అని ఒట్టు వేయించుకుంది. నువ్వు మొండికేసి పరిగెడతావేమోనని నీ బూట్లు కూడా బియ్యం డబ్బాలో దాచింది. ఇక దాని మీద అరవకు.

నిన్ను బతిమాలితే చెప్పవు, తిడితే అసలే చెప్పవు. పొగిడితే సిగ్గుపడి చెబుతావనుకున్నాను. అందుకే ఆ వెన్న మనసూ, త్యాగమూర్తీ. చిన్నాన్నకి ఏమీ తెలియదు. వ్యానూ లేదు, కండువా కూడా లేదు. ఒక్క ఉత్తరంతో కక్కేస్తావనుకుంటే, మూడో ఉత్తరం దాకా లాగావు.

కానీ నేను రాసినవాటిలో ఒక్కటి మాత్రం నిజంరా. "ఎందుకు వద్దంటున్నాడు?" అని మీ బావ అడిగితే, ఒట్టు ఉంది కదా, నీ కోసం అల్లిన కథే ఆయనకీ చెప్పాను. నాలుగు రోజుల రోషం, ఆయనే మానేస్తారులే అనుకున్నాను. ఆయన మానలేదు. రెండు పూటలా పరుగు, భుజాన సంచి, కాళ్ళకి ఆఫీసు బూట్లు, అన్నీ నిజమే. మొన్న కుంటుకుంటూ ఇంటికొచ్చారు. ఇక్కడి డాక్టరు కూడా నొక్కి చూసి, ఫోటో తీసి, "ఉండొచ్చు, ఉండకపోవచ్చు" అన్నాడు.

నీ ఉత్తరం ఆయన ముందే చదివాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. ఆయన నా చెయ్యి పట్టుకుని, "పాపం, తమ్ముడి మీద ప్రేమతో వాడిలో మంచే చూశావు. నీలాంటి మనసు ఎవరికుంటుంది? ఇందులో నీ తప్పేమీ లేదు" అని నన్ను ఓదార్చారు. అప్పుడు చెప్పాల్సింది. చెప్పకుండా వెళ్ళి ఆయన కాలి కిందికి దిండు తెచ్చాను. మంచం మీద ఆ కాలు, దాని కింద దిండు, నాకు అటు చూడ్డానికే మొహం చెల్లడం లేదు. నిన్ను సిగ్గుపరిచి నిజం చెప్పించాలనుకున్నదాన్ని నేనేరా. నిజం చెప్పడం ఎలాగో ఇప్పుడు నువ్వే నాకు చెప్పాలి.

నీ అక్క

తా.క.: ఇంతసేపు ఏం రాస్తున్నావని ఇప్పుడే అడిగారు. కుట్టు కొలతలన్నాను. "ఎంత కష్టపడుతున్నావు!" అని ఒంటికాలి మీద గెంతుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, నాకు టీ పెట్టి తెచ్చారు. ఎలా తాగేదిరా?