పంపు ముందే కట్టేసిన రోజు

వాట్‌గంజ్,
కలకత్తా.

అప్పకు,

ప్రభువు కృపలో నీ తమ్ముడు శామ్యూలు రాసుకునేది. నువ్వూ బావా పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్న దగ్గు తగ్గిందా? నేను బాగున్నానని అమ్మతో చెప్పు. తిండికి లోటు లేదు, అత్త కడుపునిండా పెడుతోంది, ఆవనూనె వాసన కూడా అలవాటైపోయింది. ఫోనులో అయితే అమ్మ స్పీకరు పెట్టి వీధంతా వినిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం, నీ ఒక్కదానికే.

అలసిపోయానప్పా. ఒంటికంటే లోపల ఎక్కువ.

మావయ్య నన్ను హాకీ మైదానంలో పనికి పెట్టించాడని చెప్పాను కదా. రెండు వారాలుగా అక్కడ దేశాల మధ్య మగవాళ్ల హాకీ పోటీలు నడుస్తున్నాయి. ఆ గడ్డి నిజం గడ్డి కాదు, నీలం రంగు ప్లాస్టిక్కు. ఆటకు ముందూ, మళ్లీ సగం ఆటలోనూ దాన్ని బాగా తడపాలి. చుట్టూ ఫిరంగుల్లాంటి గొట్టాలుంటాయి, పంపు తిప్పితే వానే వాన. ఆ పంపు జోసెఫ్ దాదా చూస్తాడు, ఇక్కడ అన్నని దాదా అంటారు. ఇక్కడే పుట్టిన మనవాడు, తాతల నాడే రేవు పనికి వచ్చారట. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మావయ్య వెళ్లే చర్చికే వస్తాడు. మావయ్య అడిగితే దాదా హామీ ఇచ్చాడు, దాని మీదే నాకు ఆ పని దొరికింది. నిలిచిన నీళ్లు తోసెయ్యడం, గీత దాటిన బంతులు ఏరడం, ఎండలో నిలబడడం.

ఇంతలో మావయ్య వాళ్ల గల్లీలో పైపు పగిలింది. రెండు రోజులు కుళాయి రాలేదు. అత్త రెండు బిందెలతో ఖిదిర్‌పూర్ బజారు దాకా నడిచి తెచ్చుకుంది. రెండో రోజు మధ్యాహ్నం నేను పనికి వెళ్లేసరికి ప్లాస్టిక్కు మీద వాన కురుస్తోంది. ఒళ్లు మండిపోయింది. నీరు అందరిదీ అని చదివిన కరపత్రాలన్నీ తలలో మోగాయి.

"దాదా, ఇంటికాడ తాగడానికి లేవు, ఇక్కడ ఆటకి ఇన్ని నీళ్లా?" అన్నాను.

"ఎనిమిది నిమిషాలు తడపాల. లెక్చరు తరవాత ఇద్దువు గానీ, ఇక్కడ నిలబడు. నే మాత్రేసుకొచ్చెత్తాను. సెప్పేదాకా కట్టీకు" అని వెళ్లాడు.

మూడో నిమిషానికి కట్టేశాను. పైకి తడిగానే కనబడింది. ఆయన వచ్చి అడిగితే, అయిపోయింది దాదా అన్నాను. పెద్ద పోరాటమేదో గెలిచినట్టు ఛాతీ పొంగింది నాకు.

ఆట సగం కాకముందే బంతి ఎగరడం మొదలెట్టింది. బయటి దేశపు ఆటగాడు ఒకడు, నా వయసే ఉంటుంది, బంతిని ఆపబోయి జారి పడ్డాడు. తడి లేని ప్లాస్టిక్కు, అప్పా, గరుకు కాగితంలా గీకేస్తుంది. మోకాలి నుంచి తొడ దాకా తోలు లేచిపోయింది. నేను గీత పక్కనే ఉన్నాను. వాడేదో అరిచాడు. వాళ్ల భాషలో అమ్మా అనే అయ్యుంటుంది.

సూపర్‌వైజరు పంపు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "ముసలాయనా, నిద్రపోయావా? రేపట్నుంచి రావద్దు" అని బెంగాలీలో కేకలేశాడు. జోసెఫ్ దాదా నావైపు ఒక్కసారి చూశాడు. నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రేషన్ డీలరుతో, బస్సు కండక్టరుతో, చివరికి పాస్టరు గారితో కూడా దెబ్బలాడినవాణ్ణి, నోరు విప్పలేదు.

తిరుగు బస్సులో ఆయన నా పక్కనే కూర్చున్నాడు. టిక్కెట్టు తీసుకుని అన్నాడు: "నువ్వు ఆపిన నీళ్లు మీ అత్త బిందిలోకి వచ్చీసాయేటిరా?"

మళ్లీ ఆయనే:

"నీళ్లు రాకపోతే ఆ నీళ్ల ఆఫీసుకాడికెళ్లి అరుసుకో. ఆడి కాలు నిన్నేటి సేసిందిరా?"

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరుకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ముందు నవ్వాడు. "నీళ్లు పొదుపు చేశావా? అయితే ఆ కాలికి కట్టు కూడా నువ్వే కట్టు" అని నా మెడలో పాసు లాగేసుకున్నాడు. జోసెఫ్ దాదాని మళ్లీ పంపు దగ్గరికి పిలిచారు. ఎల్లుండి ఆఖరి ఆట. నేను ఉండను.

పైపు మూడో రోజున బాగయింది. అందులో నా ప్రమేయం ఏమీ లేదు.

మావయ్య తిట్టలేదు. "హామీ ఇచ్చినోడి మొకం నేనెలా సూడాలిరా" అన్నాడు, అంతే. ఆదివారం చర్చిలో జోసెఫ్ దాదా అందరికీ చెయ్యి కలిపి వందనాలు చెప్పాడు. నన్ను దాటుకుని వెళ్లిపోయాడు.

నా సర్టిఫికెట్లు పంపించు, ఇక్కడి శివారు న్యూ టౌన్‌లో ఏదైనా పని వెతుక్కుంటాను. వీలైతే కాసిని ఉప్పుచేపలు కూడా. పని పోయిన సంగతి అమ్మకు ఇప్పుడే చెప్పకు. నాన్నకూ, బావకూ, పాస్టరు గారికీ నా వందనాలు. పాపకు ముద్దులు.

నా కోపం తగ్గాలని మీరంతా ప్రార్థన చేస్తారని తెలుసు. ఈసారి అది వదిలెయ్యండి. దాదాని తిడుతుంటే ఆ పంపు పక్కన నోరు మూసుకుని నిలబడ్డాను చూడు, ఆ పిరికివాడి కోసం మోకరించు.

నీ దీవెన కోరే తమ్ముడు,
శామ్యూలు