ఆరిన చుక్క వెలుగు

మైపాడు,
1969 జనవరి

అన్నా,

మేమంతా క్షేమమని ఈసారి రాయలేను. నీ ఉత్తరం అందింది. అమెరికావాళ్ళు ఆకాశంలోకి దుర్భిణి పంపారని, అది చూసే చుక్కల్లో కొన్ని ఎప్పుడో ఆరిపోయి ఉండొచ్చని, వాటి వెలుగు మాత్రం ఇంకా వస్తూనే ఉంటుందని రాశావు. పిల్లలు దిగులు మరుస్తారు, చదివి వినిపించమన్నావు. నీకు కోపమొచ్చినా సరే, వినిపించలేదు.

కార్తీకం తుఫానులో పోయిన మీ బావ పడవ పలకలు నిన్న ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వాటి మీద ఆయన చెక్కించిన గుర్తు చూసి మామ ఇసుకలోనే కూలబడిపోయాడు. వచ్చే బుధవారం నా గాజులు తీయిస్తామని కులపెద్దలు చెప్పిపోయారు.

మస్తానమ్మ రోజూ నా చేతులు చూసి తమ్ముడికి నచ్చజెబుతుంది. "అమ్మకు గాజులుండాయి గదరా, నాయనొస్తాడులే!"

చుక్కల గురుతున ఇల్లు చేరే మనిషి. ఇక లేడన్నా. ఆయన వెలుగు మాత్రం నా చేతుల మీద పిల్లలకు ఇంకా కనిపిస్తోంది. బుధవారంతో అదీ ఆరిపోతుంది. వాళ్ళకు నా నోటితో చెప్పలేను. ముందే వచ్చి నువ్వు చెప్పు.

ఎప్పుడొచ్చినా నెల్లూరు నుంచి నాకు గాజులు తెచ్చేవాడివి. ఈసారి తేవద్దు. పుట్టింటి చీర ఒక్కటి తీసుకురా.

నీ చెల్లెలు