వానకు ఎవరూ భయపడలేదు

2006 ఆగస్టు, ఆదివారం రాత్రి

వచ్చే శుక్రవారం జరిగే కాలేజీ పోటీకి మేం తీసిన థ్రిల్లర్ ట్రైలర్‌ను ఈరోజు నాయనకు చూపించాను. భయపెట్టడానికి ఏమేం కావాలో అన్నీ పెట్టాం. చీకటి, ఉరుము, జోరువాన, తలుపు దగ్గర ఎవరిదో నీడ. ఆ వాన కోసం నా స్నేహితుడు రఫీ మిద్దెక్కి బిందెలకొద్దీ ట్యాంకర్ నీళ్లు పోసి వాళ్లమ్మ చేత తిట్లు తిన్నాడు.

టీవీలో వాన మొదలవగానే నాయన ముఖం విప్పారింది.

"యాడ పడిందప్పా ఈ వాన? మన ఊరి తట్టేనా?"

నీడ వచ్చిపోయిన సంగతే చూడలేదు. నాకు ఒళ్లు మండింది.

"భయమేయలేదా నాయనా?"

"వానకు భయమేందిరా? మోటరు వేస్తే బోరులో నీళ్లు రాక ఉత్త గాలి బుస్సుమంటాది సూడు, అప్పుడు పుడతాది భయం."

ఆ మాట వదల్లేదు నన్ను. రఫీకి చెప్తే వాడూ సరేనన్నాడు. చీకటి, నీడ అలాగే ఉంచి వాన తీసేస్తాం. దాని బదులు ఎండాకాలంలో ఎండిపోయిన మా బోరు, పైపులో ఆ గాలి చప్పుడు.

"స్విచ్ నేనే ఏస్తాలే" అన్నాడు నాయన.

రేపే షూటింగ్. గాలి బదులు నీళ్లు వస్తే మాత్రం షాట్ పాడైపోతుంది.

పాడైపోనీ.