ముగ్గురు దాచిన ఆకు

పోచంపల్లి నుంచి

బాపూ, నీ పెద్దబిడ్డ అంజమ్మ నీ కాళ్లకు మొక్కి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీరంతా బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ఊరందరికీ పనిచేసే నీ మందు ఇంట్లో పనిచేయదని ఇంకా ఎగతాళి చేస్తోందా?

నారాయణపేట విడిచి మూడు నెలలైంది. నీ అల్లుడికి ఇక్కడి మగ్గం అలవాటైంది. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దడం నేనూ నేర్చుకుంటున్నాను. గోళ్లన్నీ ఎర్రబడ్డాయి. రెండు పూటలా అన్నమే, జొన్నరొట్టె మీద ప్రాణం కొట్టుకుంటోంది. మొదటి నెల పలకరించే మనిషి లేక ఏడ్చాను. ఇప్పుడు ఏడవడం లేదు, ఫికర్ చేయకు. నిజంగా బాగున్నాను.

ఇక అసలు సంగతి, కోప్పడకుండా విను. మా వీధిలో యునానీ మందులిచ్చే హకీం సాబ్ ఉన్నారు. గొర్లు కాసే మల్లయ్య తాత కూడా నాటుమందు ఇస్తాడు. ఆదివారం ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఎవరికి ఏ మందు కుదిరిందో, ఏది కుదరలేదో చెప్పుకుంటారు. హకీం సాబ్ పుస్తకంలో రాస్తారు. వైద్యుడి బిడ్డనని నన్నూ పిలిచి, కామెర్లకు మీ బాపు ఏమిస్తాడని అడిగారు. పేరు చెబితే మందు గుణం పోతుందని మా బాపు అన్నాడని చెప్పాను. ఎవరికీ చెప్పనని నీకు ఒట్టేశాను కదా!

"మా అయ్య సుత గట్లనే అన్నడు బిడ్డా. నేను సుత చెప్ప," అన్నాడు తాత.

హకీం సాబ్ నవ్వి, "పేరు చెప్పకుండ్రి. ఆకు తెచ్చి జర చూపెట్టుండ్రి, చాలు," అన్నారు.

మళ్లీ ఆదివారం నేను కొంగులో, తాత రుమాలులో, హకీం సాబ్ కాగితం పొట్లంలో తెచ్చాం. ముగ్గురం ఒకేసారి విప్పాం. మూడూ ఒకటే ఆకు బాపూ! మన పెరట్లో మొలిచేదే! "అరె, అందరి కాళ్ల కింద ఉన్నదాన్ని గిన్నేండ్లు దాచినమా!" అని హకీం సాబ్ కడుపు పట్టుకుని నవ్వారు. తాతకు నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

దగ్గు తగ్గాక తాత, "ఎన్ని దినాలిస్తడు మీ బాపు?" అన్నాడు.

"మూడు దినాలే. కండ్లు తేటపడకుంటే తనే బండి కట్టి దవాఖానకు తోలుకపోతడు," అన్నాను. చేతగాక పంపుతున్నాడని ఊళ్లో నిన్ను చూసి నవ్వడం గుర్తొచ్చి తల వంచుకున్నాను.

తాత తన రుమాలులోని ఆకు వైపు చూశాడు. "నేనైతే తగ్గేదాంక ఇస్తనే ఉంటి. గీ ముచ్చట నాకెవ్వలు చెప్పలే బిడ్డా," అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, గర్వంతో.

ఒట్టు తప్పానో లేదో నువ్వే చెప్పు. ఈ ఉత్తరం నీకు తమ్ముడు వీధంతా వినేలా చదువుతాడు కాబట్టి ఇందులోనూ ఆకు పేరు రాయలేదు. వాడు ఇక్కడికి వచ్చేటప్పుడు జొన్నపిండి పంపించు. అవ్వకు నా మొక్కులు చెప్పు. మా ఇద్దరినీ చల్లగా దీవించు.

హకీం సాబ్ ఆ మూడు దినాల మాట పుస్తకంలో రాసి నాకు చదివి వినిపించారు. అందులోనూ ఆకు పేరు లేదు బాపూ. నీ పేరుంది.

నీ బిడ్డ,
అంజమ్మ