ధర్మ నోరు విప్పలేదు

పెదబయలు మండలం,
సంత మర్నాడు.

కనకకు,

నీ ఫల్గుణ రాస్తున్నాను. ఇక్కడ నేను, అమ్మ, పిల్లలిద్దరూ బాగున్నాం. హైదరాబాదులో నువ్వూ, నువ్వు కనిపెట్టుకుని ఉన్న ఆ పెద్దమ్మగారూ బాగున్నారని తలుస్తాను. బాగున్నాం అని రాసి, కలం ఆపి కాసేపు గుమ్మంలోకి చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో జ్వరాలూ జలుబులూ లేవు కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. సిగ్నల్ దొరికేది కొండమీది బండ దగ్గరే. నేను అక్కడ నిలబడి హలో అంటే చాలు, 'కనకేనా, ఎప్పుడొత్తాదట' అంటూ ఊళ్లో సగం మంది చుట్టూ చేరతారు. అంతమందిలో చెప్పుకునే సంగతి కాదిది. పైగా నువ్వు ఏడిస్తే నాకు మాట పెగలదు. కాగితం మీదైతే నువ్వు ఏడ్చినా తిట్టినా నేను చెప్పదలచుకున్నది చివరిదాకా చెప్పగలను.

ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. మిరియాలకు ఈ ఏడు గింజ బాగా పట్టింది. కాఫీ ఇంకా పచ్చిగానే ఉంది. చోడి కంకి వేసింది, పిట్టల్ని తోలడానికి అమ్మ చేలోనే కాపురం పెట్టింది. ఆవిడ మోకాలికి నువ్వు పంపిన మందు రోజూ రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ నిన్ను పొగుడుతుంది, నన్ను తిడుతుంది. స్వర్ణ తలలో పేలు పోయాయా అని అడిగావు. పోయాయి. జుట్టు కూడా పోయింది, నేనే కత్తిరించాను. నువ్వు వచ్చేసరికి పెరుగుతుందిలే, అప్పటిదాకా కోపం దాచుకో. చదువులో మాత్రం దానికి తిరుగులేదు. రెండో తరగతి పుస్తకం అవగొట్టి ఇప్పుడు అన్న పుస్తకం పట్టుకుంది. వాడి పక్కనే కూర్చుని గొంతెత్తి చదువుతుంది. దాన్ని మెచ్చుకోవాలో ఆపమనాలో తెలియక నేను చూరుకేసి చూస్తుంటాను.

ధర్మ సంగతి చివర్లో అడిగావు. చివర్లో అడిగినా ఉత్తరం రాసిందే దానికోసమని నాకు తెలియదా?

వాడికి నాలుగో తరగతి వచ్చింది. ఒక అక్షరాన్ని ఇవాళ గుర్తుపడతాడు, రేపు దాని మొహం ఎన్నడూ ఎరగనట్టు చూస్తాడు. బడి తెరిచిన కొత్తలోనే లక్ష్మీప్రసాద్ మాస్టారు నన్ను పిలిపించాడు. విజయనగరం వైపు మనిషైనా ఏళ్ల తరబడి మన బడిలోనే ఉన్నాడు కాబట్టి తెలుగు కాని మన కొండ మాట కూడా ఆయనకు బాగానే అర్థమవుతుంది.

"ఫల్గుణా, నీ గుంటడు మొద్దు కాడు. ఏటి అడిగినా నోటితో టకటకా సెప్తాడు. పుస్తకం ముందర పెడితే మాత్రం బిగుసుకుపోతన్నాడు. కళ్లు సూపించాం, సెవులు సూపించాం, బాగానే ఉన్నాయి. మండలంలో క్యాంపు పెడతన్నారు. విశాఖ నుంచి మేడం ఒత్తారు. పరీక్ష సేత్తే ఇబ్బంది ఎక్కడుందో తెలుత్తాది. తెలిత్తే ఆడికి విడిగా సెప్పడానికి ఇంకో సారు మన బడికే ఒత్తాడు" అన్నాడు.

అక్కడిదాకా నీకు తెలుసు. తీసుకెళ్లమని నువ్వే అన్నావు. ఊళ్లో దానికి 'పిచ్చోళ్ల క్యాంపు' అని పేరు పెట్టారని మాత్రం నీకు చెప్పలేదు. అమ్మ తన వంతుగా పూజలు చేసే దిశారిని పిలిపించి కోడిని కోయించింది. అక్షరాలకు కోడెందుకని నేను అనలేదు. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు? కోడి కూర మాత్రం ధర్మ ఇష్టంగా తిన్నాడు.

క్యాంపు రోజున వాడికి తలకు నూనె పెట్టి, నువ్వు పంపిన నీలం చొక్కా తొడిగి జీపులో తీసుకెళ్లాను. మేడం పేరు సాహితి. చిన్న వయసు, మెత్తని గొంతు. వాడిని బల్ల ముందు కూర్చోబెట్టి, నన్ను వెనకాల కుర్చీలో కూర్చోమంది. ఒక బొమ్మ చూపించి "ఇదేంటి నాన్నా?" అంది. ఆవు. ధర్మ బొమ్మను చూశాడు, వెనక్కి తిరిగి నన్ను చూశాడు, తల దించుకున్నాడు. కోడిని చూపించింది. చేపను చూపించింది. గొడుగును చూపించింది. ఒక్క మాట లేదు. రంగు బిళ్లలు ఇచ్చి పేర్లు చెప్పమంది. వాడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె విసుక్కోలేదు. చాక్లెట్ ఇచ్చింది, పక్కకు వచ్చి కూర్చుంది, మళ్లీ మొదటి నుంచి అడిగింది.

తర్వాత నన్ను వరండాలోకి పిలిచింది. "ఇవాళ చూసినదాన్నిబట్టి చెప్తున్నానండి. చదవడం ఒక్కటే కాదు, అడిగింది అర్థం చేసుకోవడమే బాబుకు బాగా తక్కువగా ఉన్నట్టుంది. పెద్దాసుపత్రిలో చూపించండి. అక్కడా ఇదే తేలితే ఊరి బడి వాడికి సరిపోదు. కింద మైదానంలో ఇలాంటి పిల్లలకు హాస్టలుతో బడి ఉంది, అక్కడైతే చూసుకుంటారు" అంది.

గుండెల్లో రాయి పడింది కనకా. మన ధర్మ. పుట్టలో చెయ్యి పెట్టి ఉసుళ్లు పట్టేవాడు, మేకలు తప్పిపోతే వెతికి తెచ్చేవాడు. ఆ ఎండలో, ఎవరూ తెలియని చోట, ఎవరితో మాట్లాడతాడు?

ఇంత జరిగితే ఆదివారం ఫోనులో నీకు "క్యాంపు బాగానే అయింది, కాగితం వస్తుంది" అని చెప్పాను. అది ఒక అబద్ధం. దీనికంటే పెద్దది ఇంకొకటి ఉంది. అది రాయలేకే ఇంతసేపూ మిరియాలూ, పేలూ అంటూ చుట్టూ తిరిగాను.

క్యాంపుకు ముందు సంతలో ఒక చిన్న సంగతి జరిగింది. వరహాలరావు కొట్లో ధర్మ బెల్లం అడిగాడు, సగం మన మాట, సగం తెలుగు కలిపి. వరహాలరావు ఆ మాటను అలాగే సాగదీసి కొట్లో ఉన్నవాళ్లకు వినిపించాడు. అందరూ నవ్వారు. వాడు చెడ్డవాడని కాదు, వాడి సరదా వాడిది. ధర్మ కూడా నవ్వాడు. నేనే నవ్వలేకపోయాను. ఆశ్రమ పాఠశాలలో నేను నోరు తెరిచినప్పుడల్లా విన్న నవ్వు అది. నా తెలుగు ఇంత శుభ్రంగా తయారైంది ఆ నవ్వుకు భయపడే అని నీకు తెలుసు. నన్ను ఆటపట్టించడానికి 'పంతులుగారూ' అని పిలిచేదానివి కదా.

అందుకని క్యాంపుకు వెళ్తూ జీపులో వాడికి చెప్పాను. "మేడం ముందర మన మాట ఒక్కటి కూడా నోట్లోంచి రాకూడదు. తెలుగులో ఒత్తే సెప్పు. రాకపోతే నోరు మూసుకో. ఆ మేడం ఒక్కతే కాదు, బయటి నుంచి ఒచ్చిన పై మనుషులు ఎవరున్నా అంతే."

వాడు ఊ అన్నాడు. నాకు ఆ ఊ చాలలేదు. నీ మీద ఒట్టు వేయించుకున్నాను. "అమ్మ మీద ఒట్టు, మన మాట అనను" అని వాడి చేత అనిపించాను. తప్పితే ఏమవుతుందని అడిగాడు. అమ్మకు ఏదైనా అవుతుందన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

మేడం పరీక్ష మొదలుపెట్టే ముందు "ఇంట్లో ఏ భాష మాట్లాడతారండీ?" అని అడిగింది. తెలుగే అన్నాను. మధ్యలో ధర్మ పలక్కపోతే మళ్లీ అడిగింది. "తెలుగేనండి, పుట్టినప్పటి నుంచీ" అన్నాను. ఆమె ఆ మాట నమ్మి రాసుకుంది. ఆమె తప్పేముంది?

తిరిగి వస్తుంటే జీపులో ధర్మ నా చెవి దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆవుకు గాయి. కోడికి కుకుడా. చేప పేరు, గొడుగు పేరు, రంగులన్నీ. మేడం చూపించిన బొమ్మల్లో ఒక్కటీ వదల్లేదు. అన్నీ మన మాటలో. తర్వాత నా మొహంలోకి చూసి, "సూసినావా నాన్నా, అన్నీ తెలిసినా ఒక్కటి కూడా అననేదు. అమ్మకి ఏటీ అవదు కదా?" అన్నాడు. మన మాటకు రాత లేదు కాబట్టి తెలుగులో రాస్తున్నాను. వాడి గొంతులో ఉన్న ఆ గర్వం ఏ భాషలోనూ రాయలేను.

నేను జీపు కడ్డీ పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాను.

అయినా వెంటనే వెళ్లి చెప్పలేకపోయాను. కాలు కాలిన పిల్లిలా బడికీ ఇంటికీ మధ్య తిరిగాను. చివరికి మాస్టారే మన గుమ్మంలోకి వచ్చాడు. "ఏటయిందయ్యా? క్యాంపు నుంచి వచ్చిన కాడి నుంచి గుంటడు బళ్లో నోరు తెరవడం మానేశాడు. ఇదివరకు నాతో మీ మాటలోనన్నా కబుర్లు సెప్పేవోడు" అన్నాడు. అప్పుడు అర్థమైంది. మాస్టారు కూడా 'పై మనిషే' కదా. వాడు ఒట్టును నాకంటే బాగా అర్థం చేసుకున్నాడు.

ఆయనకు అంతా చెప్పాను. విన్నాక ఆయన నన్ను బండ దగ్గరికి తీసుకెళ్లి, అక్కడున్నవాళ్లను పక్కకు పంపి, మేడంకు ఫోను చేసి నా చేతికిచ్చాడు. "అబద్ధం చెప్పానమ్మా, మాది తెలుగు కాదు" అన్నాను. ఆమె కోప్పడలేదు. వచ్చే నెల మళ్లీ వస్తాననీ, ఈసారి మన మాటలోనే పరీక్ష చేస్తాననీ, అప్పటిదాకా ఆసుపత్రి మాట వద్దనీ చెప్పింది. ఒక సంగతి మాత్రం నొక్కి చెప్పింది. భాష ఒక్కటే కారణం కాకపోవచ్చట. నిజమే, ఇంట్లో స్వర్ణ మాట్లాడేదీ మన మాటే, అయినా అది చదువుతోంది కదా. వాడికి అక్షరాల దగ్గర నిజంగానే ఏదో ఇబ్బంది ఉండొచ్చు. ఉంటే సాయం చేసే దారి ఉంది. ఎక్కడుందో తెలియాలంటే వాడు నోరు విప్పాలి. రెండు భాషలూ వచ్చిన సొంత మనిషి ఒకరు పక్కన కూర్చుని, ఆమె మాట వాడికీ, వాడి మాట ఆమెకూ చెప్పాలి. ఈసారీ పలక్కపోతే మొదటిసారి ఆమె రాసిన కాగితమే నిలబడుతుందట.

సొంత మనిషి అంటే నేనే అనుకున్నాను. ఇంటికి వచ్చి వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాన్రా. ఇక మేడంతో, మాస్టారితో మన మాట మాట్లాడొచ్చు" అన్నాను. వాడు నన్ను అనుమానంగా చూశాడు.

"గట్టు మీద పెట్టినా అమ్మకి ఏటీ అవదా?"

"అవదురా."

"మరి ఆ రోజు అవుతాదన్నావు. ఏది నిజం?"

మర్నాడు మాస్టారు వాడి ముందు కోడి బొమ్మ పెట్టి, నన్ను పక్కన నిలబెట్టి మన మాటలోనే అడిగాడు. వాడి పెదవులు కదిలాయి. నా వైపు చూశాడు. చేత్తో నోరు మూసుకున్నాడు.

మొన్న ఫోనులో వాడు నిన్ను "ఒంట్లో బాగుందా అమ్మా, నిజంగా బాగుందా" అని మళ్లీ మళ్లీ అడిగాడు. నువ్వు నవ్వి, గుంటడు పెద్దోడైపోయాడన్నావు. వాడు అడిగింది ఎందుకో నీకు ఇప్పుడు తెలిసింది. నువ్వు బాగున్నానంటే వాడు ఫోను నా చేతికిచ్చి, 'గొంతు మారింది' అన్నాడు. గొంతు విని నమ్మడం లేదు కనకా. నిన్ను కళ్లతో చూడాలి.

అమ్మను కూర్చోబెడదామంటే ఆవిడకు తెలుగు ముక్క రాదు. ఒట్టు సంగతి తెలిసిన దగ్గర్నుంచి నాతో సరిగ్గా మాట్లాడడం కూడా లేదు. "కన్నతల్లి మీద ఒట్టు పెట్టించినోడివి నువ్వు ఏటి తియ్యగలవురా? అది వొచ్చి ఎదురుగా నిలబడి తియ్యాలి" అంటుంది. ఈసారి ఆవిడతో వాదించలేకపోయాను.

కాఫీ పండ్లు ఏరే వేళకు వస్తానన్నావు. అంతదాకా వద్దు. ఆ పెద్దమ్మగారిని నాలుగు రోజులు ఎవరికైనా అప్పగించి, క్యాంపుకు ముందే రా. ఇంట్లో అడుగు పెట్టాక నన్ను ఎంత తిడతావో తిట్టు, పిల్లల ముందైనా సరే. ముందు వాడిని దగ్గరికి తీసుకో. నీకేమీ కాలేదని వాడు నీ చేతులూ మొహమూ తడిమి చూసుకుంటాడు. చూసుకోనీ.

పరీక్ష రోజున నువ్వు లోపల వాడి పక్కన కూర్చో. మేడం బొమ్మ చూపించినప్పుడల్లా వాడు వెనక్కి తిరిగి నా మొహం చూస్తాడు. అందుకని నేను లోపలికి రాను, వరండాలోనే ఉంటాను. వాడి గొంతు బయటికి వినబడితే చాలు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
ధర్మ నాన్న